కుందేలు నుదుటి మీద అరటిపండు

పశువుల ఆసుపత్రిలో అటెండరు పని ఎలా ఉంటుందో కొత్తగా చేరే పిల్లలకు ఎవరూ చెప్పరు. మందు రాసేది డాక్టరు గారు. సూది వేసేది కాంపౌండరు గారు. ఆ సూది పడేదాకా గేదె కదలకుండా చూసేది మనం. నేను ముప్పై ఏళ్ళు ఏలూరులో ఆ పని చేశాను. చదివింది అయిదో తరగతి. మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. చేరిన రోజున ఒక పెద్దాయన, "ఆడమనిషి గేదెనేం పట్టుకుంటుందండీ" అన్నాడు. ఆయన గేదెకే మర్నాడు దూడ అడ్డం తిరిగింది. డాక్టరు గారు దూడను లాగుతుంటే గేదెను పట్టుకున్నది నేనే. ఇదంతా గొప్పకే చెబుతున్నాను, దాచుకోను.

అయితే ఇప్పుడు చెప్పబోయేది గేదెల సంగతి కాదు. రెండు కేజీలైనా తూగని ఒక తెల్ల కుందేలు సంగతి. అందులో నేను చేసిన తప్పూ ఉంది, ఒప్పూ ఉంది. తప్పు ముందు జరిగింది కాబట్టి ముందు అదే వస్తుంది.

అప్పటికి నాకింకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. మా ఆసుపత్రికి కొత్తగా ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చారు. అందరం మేడం గారు అనేవాళ్ళం. అంతకు ముందు వచ్చినవాళ్ళంతా పాడిగేదెల డాక్టర్లే, కుక్కను తెస్తేనే మొహం చిట్లించేవారు. ఈవిడ మాత్రం చిలుకను తెచ్చినవాళ్ళకు కూడా కుర్చీ వేయించి కూర్చోబెట్టి అన్నీ అడిగేవారు. ఆ సంగతి ఊళ్ళో పాకింది. వట్లూరు వైపు కాలేజీ ఆడపిల్లలు హాస్టలు గదిలో దాచి పెంచుకుంటున్న ఒక మగ కుందేలు చలికాలంలో వార్డెను కంట పడితే, ఏడ్చుకుంటూ తెచ్చి మా వరండాలో వదిలి వెళ్ళారు. గోధుమ రంగుది. కనబడ్డ ప్రతిదాని మీదా ఉచ్చ పోసేది, హాజరు రిజిస్టరును కూడా వదల్లేదు. మేడం గారు నెల తిరక్కుండా దానికి పిల్లలు పుట్టకుండా విత్తులు తీసే ఆపరేషన్ చేసేశారు. మా ఆసుపత్రిలో కుందేలుకు ఆపరేషన్ అదే మొదలు. అప్పటినుంచి స్టోరు గదిలో గూడు పెట్టి నేనే మేపేదాన్ని. మా కాంపౌండరు గారు దానికి హాస్టలోడు అని పేరు పెట్టారు.

రోహిణి కార్తెలో ఒక పొద్దున తాడేపల్లిగూడెం నుంచి ఒక షావుకారు గారూ ఆయన భార్యా వచ్చారు. వాళ్ళది ఉల్లిపాయల వ్యాపారం. ఆవిడ ఒళ్ళో ఉల్లిపాయల బుట్ట ఉంది. బుట్టలో తడిగుడ్డ, గుడ్డలో తెల్ల కుందేలు.

"ఏమైందమ్మా?" అన్నారు మేడం గారు.

"నిన్న పొద్దుటి నుంచి గడ్డిపరక ముట్టలేదండి. ఇవి రెండండి, అక్కచెల్లెళ్ళు. మొన్న మధ్యాహ్నం ఒకటి ఎండదెబ్బకి పోయిందండి. నేను కొట్లో ఉన్నాను. వచ్చి చూసేసరికి..."

"రేకుల షెడ్డండి అది" అన్నారు షావుకారు గారు గోడ కేసి చూస్తూ. "ఫ్యాను పెట్టమంది ఈవిడ. కుందేలుకి ఫ్యానేమిటి, ఇక చాల్లే అన్నాను నేను."

మేడం గారు కుందేలు పొట్ట మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. గేదె ఒక పూట మేత మానితే సాయంత్రం చూద్దాంలే అనుకోవచ్చు గానీ, కుందేలుతో అలా కాదట. దాని పేగు ఆడుతూనే ఉండాలి, ఆగిందంటే ప్రాణం మీదకే వస్తుంది. నొప్పికి సూది వేశారు, చర్మం కిందకి సెలైను ఎక్కించారు. గరిక మెత్తగా రుబ్బి సిరంజితో కొంచెం కొంచెంగా తాగించాలని, అన్నాళ్ళూ ఇక్కడే ఉంచాలని చెప్పారు.

నేను ఆ కుందేలునే చూస్తున్నాను. బల్ల మీద పెడితే బల్ల నాలుగు మూలలూ వాసన చూసింది. బుట్టలో పెడితే బుట్టంతా వాసన చూసింది. చూసి, ముడుచుకుని కూర్చుంది.

"చచ్చిపోయినదాన్ని ఇది చూసిందా అమ్మా?" అని అడిగాను.

"లేదండి. నేను చూస్తే ఏడుస్తానని ఈయన వెంటనే గోనెసంచిలో చుట్టి పట్టుకెళ్ళిపోయారు."

"అదేనమ్మా. ఇది వెతుక్కుంటోంది."

కాంపౌండరు గారు నవ్వారు. "కుందేలు మీ చెవిలో చెప్పిందా అక్క గారూ?"

చెప్పక్కర్లేదు. మాది కొల్లేటి ఒడ్డు పల్లె. దూడ చచ్చిపోతే మా అమ్మ దాన్ని వెంటనే తీయనిచ్చేది కాదు. తల్లిగేదె ముందు ఉంచేది. గేదె దాన్ని నాకి, మూతితో కదిపి చూసి, ఇక లేవదని తెలుసుకుని, తనంతట తనే పక్కకు తిరిగేది. చూపించకుండా ఎత్తుకుపోతే మూడు రోజులు అరుపే. ఆ మాటే చెప్పాను.

"అయితే దీనికి ఇంకోటి తేవాలంటారా?" అన్నారు షావుకారు గారు. "ఆడా మగా అయిందంటే మేం ఉల్లిపాయలు మానేసి కుందేళ్ళ కొట్టు పెట్టుకోవాలండి. దీనికన్నా ఆకివీడులో మా స్నేహితుడికి చేపల చెరువులున్నాయి. అక్కడ వదిలేస్తే గట్ల మీద హాయిగా తిరుగుతుంది."

"అక్కడ నాలుగు కుక్కలున్నాయండి" అంది ఆవిడ మెల్లిగా.

"జత ఎందుకండీ అసలు?" కాంపౌండరు గారు అందుకున్నారు. "ఉంగుటూరు మాస్టారు గారి కుందేలు ఆరేళ్ళ నుంచీ ఒక్కటే. నిక్షేపంలా ఉంది."

మేడం గారు చెయ్యెత్తారు. "ముందు పేగు కదలనివ్వండి. తోడు సంగతి తరవాత."

రెండు రోజులు నేనే తాగించాను. వేసవికి కాలవలకు నీళ్ళు కట్టేసిన రోజులు, గట్ల మీద గరిక మాడిపోయి ఉంది. మా ఊరి దగ్గర కొల్లేటి ఒడ్డునే కాస్త పచ్చదనం దొరికేది. పొద్దున్నే కోసి గుడ్డలో మూట కట్టుకుని బస్సెక్కేదాన్ని. తువ్వాల్లో కుందేలును చుట్టి, పెదవి పక్కన సిరంజి పెట్టి, చుక్క చుక్కగా పోయాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూడో రోజు పొద్దున గూట్లో పెంటికలు కనిపించాయి, మిరియాలంత. నేను చీపురు అక్కడే పడేసి మేడం గారిని పిలిచాను. ఆవిడ టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చి, వంగి చూసి, "బంగారం అక్కా" అన్నారు. పేడను చూసి మురిసిపోవడం మా వృత్తిలో కొత్త కాదు గానీ, మిరియాలంత దానికి అంత మురిసిపోవడం మాత్రం అదే మొదలు.

తినడం మొదలుపెట్టింది గానీ, పేరుకే. నాలుగు పరకలు తిని గోడ వైపు తిరిగి కూర్చునేది. షావుకారు గారి భార్య రోజు విడిచి రోజు ప్యాసింజరు రైలులో వచ్చేది. ఆవిడ ఉన్నంతసేపూ అరచేయి నాకుతూ తినేది. ఆవిడ చెప్పులేసుకోగానే మళ్ళీ గోడే.

ఆ వారంలోనే ఉంగుటూరు మాస్టారు గారు తమ కుందేలుకు గోళ్ళు తీయించడానికి వచ్చారు. నేను ఊరుకుంటానా?

"ఇంట్లో ఇది ఎక్కడుంటుందండీ?" అన్నాను.

"ఎక్కడుంటుందేమిటమ్మా, నా పక్కనే. నేను పేపరు చదివితే పేపరు కింద, పడుకుంటే మంచం కింద. ఒకసారి పెళ్ళికని రెండు రోజులు ఊరెళ్తే తిండి మానేసింది. అప్పటినుంచి పెళ్ళిళ్ళకి మా ఆవిడ ఒక్కతే వెళ్తోంది."

నేను కాంపౌండరు గారి వంక చూశాను. ఆయన గోళ్ళు కత్తిరించడంలో మునిగిపోయారు.

ఆ మాటతో నాకు గర్వం ఎక్కింది. నేను అనుకున్నదే నిజం, దీనికి కావలసింది తోడే, తోడు స్టోరు గదిలోనే ఉన్నాడు అనుకున్నాను. మేడం గారిని అడగాలి కదా? అడగలేదు. తరవాతి ఆదివారం డ్యూటీలో నేనొక్కదాన్నే ఉన్నాను. నా బుర్రలో ఉన్నది గేదెల లెక్క. కొత్త గేదెను తెచ్చి పాకలో కట్టేస్తే, రెండూ ఒక పూట కుమ్ముకుంటాయి, సాయంత్రానికి ఒకే తొట్టిలో కుడితి తాగుతాయి. మా పల్లెల్లో అందరం చేసేది అదే. హాస్టలోణ్ణి ఎత్తి తీసుకెళ్ళి తెల్లదాని గూట్లో వదిలి తలుపు వేశాను.

కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. ఆ మెత్తటి తెల్లది, నాలుగు పరకలు తినడానికే ఓపిక లేనిది, పులిలా దూకింది. రెండూ బంతిలా చుట్టుకుని దొర్లాయి. కుందేలుకు అరుపుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. చేయి పెట్టి విడదీస్తే నా వేలు కూడా తెగింది. హాస్టలోడి చెవి చీలిపోయింది. గూడంతా బొచ్చు. తెల్లది మూలకు పోయి, రొప్పుతూ, మళ్ళీ గోడ వైపు తిరిగిపోయింది. సాయంత్రం వేసిన గడ్డి వేసినట్టే ఉంది.

మర్నాడు మేడం గారు చెవి చూశారు. "ఎవరు పెట్టారు?"

"నేనేనండి."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "అక్కా, అది దాని ఇల్లు. ముక్కూ మొహం తెలియనివాణ్ణి తలుపు తీసి లోపలికి తోస్తే మీరైతే ఊరుకుంటారా?"

"ఊరుకోనండి."

"మరి?"

మరి ఏముంది. చీపురు తీసుకుని బొచ్చు ఊడ్చాను.

ఆ రోజే షావుకారు గారు భార్యతో కలిసి వచ్చారు. చెవి చూశారు, గూడు చూశారు, సిరంజి మళ్ళీ నా చేతికి వచ్చిందనీ చూశారు. "ఇక చాలండి" అన్నారు. "ఆదివారం ఆకివీడు లారీ వెళ్తుంది. అందులో పంపించేస్తాను."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఫ్యాను పెట్టమన్నప్పుడూ ఇక చాల్లే అన్నారండి మీరు."

ఆయన గూటి తలుపు గడియ సరిచేశారు. తరవాత మేడం గారితో, "రెండు వారాలండి" అన్నారు. "ఈలోగా ఇది తిని తిరిగితే సరే. లేకపోతే ఇక నేను చూడలేను." అని బయటికి వెళ్ళిపోయారు. చూడలేనన్నది విసుగుతో కాదని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ బస్సులో మా అమ్మను తలుచుకున్నాను. కొత్త గేదెను పాకలో కట్టడం అందరికీ వచ్చు. తల్లిలేని దూడను వేరే గేదెకు అలవాటు చేయడం మాత్రం మా వీధిలో మా అమ్మకే వచ్చు. అది ఒక్క రోజు పని కాదు. ముందు ఆ గేదె కింద పరిచిన గడ్డి తెచ్చి దూడకు పక్క వేసేది. దూడను తుడిచిన గోనెపట్టా తీసుకెళ్ళి గేదె దగ్గర పడేసేది. నాలుగైదు రోజులు పోయాక దూడ వీపు మీద తవుడూ బెల్లమూ రాసి గేదె ముందు నిలబెట్టేది. గేదె బెల్లం కోసం నాకేది. బెల్లం అయిపోయినా నాకుతుంటే, ఇక తల్లయిపోయినట్టే.

మర్నాడు ఇదంతా మేడం గారికి చెప్పాను. ఈసారి అడిగే చేయాలనుకున్నాను మరి.

ఆవిడ కలం కింద పెట్టారు. "మీ అమ్మగారు ఏం చదువుకున్నారు అక్కా?"

"ఆవిడది వేలిముద్రేనండి."

"మా పుస్తకాల్లో కుందేళ్ళ గురించి ఉన్నదీ దాదాపు ఇదే" అన్నారు. "చేయండి. నేనూ చూస్తాను."

ఆ మాట విన్నాక నేను వరండా మొత్తం రెండుసార్లు కడిగాను, ఒకసారి చాలినా.

నా పాత నేతచీర ఒకటి చింపి రెండు పక్కలు చేశాను. హాస్టలోడు పడుకున్న గుడ్డ పొద్దున్నే తెల్లదానికి, తెల్లదాని గుడ్డ వాడికి. మొదటి రోజు తెల్లది ఆ గుడ్డను పళ్ళతో పట్టి నీళ్ళ గిన్నెలో పడేసింది. రెండో రోజు తొక్కింది. నాలుగో రోజు దాని మీద కూర్చుంది. అప్పుడు గూళ్ళు రెండూ పక్కపక్కకు జరిపాను, మధ్యలో నా అరచేయి పట్టేంత ఎడం. కరవడానికి అందకూడదు, వాసన అందాలి. గరిక రెండు గూళ్ళలోనూ జాలీ పక్కనే వేసేదాన్ని, తినాలంటే ఎదురెదురుగా రావాల్సిందే.

కాంపౌండరు గారికి అదొక కాలక్షేపం. "పెళ్ళిచూపులు ఎంతదాకా వచ్చాయి అక్క గారూ? కట్నకానుకలు మాట్లాడారా?" అనేవారు పొద్దున్నే. కానీ వానలు ఆలస్యమై మా ఊళ్ళో గరిక కూడా ఎండిపోతే, మోటారు సైకిలు మీద ఎక్కడెక్కడో తిరిగి పచ్చటి మోపు తెచ్చింది ఆయనే. "మా గేదె కోసం కోశానండి, మిగిలింది" అనేవారు. ఆయనకు గేదె లేదు.

తొమ్మిదో రోజున నేను మందుల గది తుడిచి వచ్చి చూద్దును కదా, తెల్లది గోడ దగ్గర లేదు. జాలీకి వీపు ఆనించి కాళ్ళు చాపుకు పడుకుంది. ఇవతలి గూట్లో హాస్టలోడు కూడా జాలీకి ఆనుకుని పడుకున్నాడు. మధ్యలో అరచేతి వెడల్పు ఖాళీ. గిన్నెలో గడ్డి సగానికి పైగా అయిపోయింది. ఈసారి మేడం గారిని పిలవలేదు. శబ్దం చేయకుండా వెనక్కి నడిచి తలుపు దగ్గర నిలబడ్డాను.

రెండు వారాల గడువు ఇంకా రెండు రోజులుందనగా కలుపుదామన్నారు మేడం గారు. ఎక్కడ అన్నది ముఖ్యం. రెండింటిలో ఏ ఒక్కటీ నాది అనుకోని చోటు కావాలి. మేడం గారి గది కన్నా మంచిది లేదు. బల్ల గోడకు జరిపి, నేల సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాను. షావుకారు గారి భార్య లోపలికి వచ్చి మూలన కూర్చుంది. ఆయన, "నేను చూడనండి" అని గుమ్మం బయట నిలబడ్డారు. తల మాత్రం లోపలే ఉంది.

నేను చీర చెంగులోంచి ఒక చక్రకేళి అరటిపండు తీశాను.

"ఇదెందుకు అక్కా?" అన్నారు మేడం గారు.

"దూడకైతే తవుడూ బెల్లమండి. దీనికి ఇది."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. "కొంచెమే రాయండి" అన్నారు.

వేలితో ఇంత గుజ్జు తీసి తెల్లదాని నుదుటి మీద రాసి, నేల మీద వదిలాను. హాస్టలోణ్ణి ఎదర మూల వదిలాను. చేతిలో మందమైన తువ్వాలు పట్టుకుని మధ్యలో గొంతుక్కూర్చున్నాను. కట్టిన వేలు ఇంకా సలుపుతూనే ఉంది.

హాస్టలోడు రెండడుగులు వేశాడు. తెల్లది పరుగెత్తింది. వాడు వెంటపడ్డాడు. బల్ల చుట్టూ ఒక చుట్టు. మూలన షావుకారు గారి భార్య కళ్ళు మూసుకుంది. నేను తువ్వాలు ఎత్తాను. "ఆగండి" అన్నారు మేడం గారు. రెండూ ఆగాయి. ఆగి, ఒకదాన్నొకటి చూడనట్టు, దేని మొహం అది కడుక్కోవడం మొదలుపెట్టాయి. బస్టాండులో పాత తగువున్న చుట్టాలు ఎదురుపడితే అచ్చం అలాగే ఉంటుంది.

తరవాత తెల్లది నాలుగడుగులు ముందుకు వచ్చింది. తల నేలకు ఆనించి కదలకుండా కూర్చుంది.

హాస్టలోడు వచ్చి వాసన చూశాడు. నాలుక పెట్టి ఒకసారి నాకాడు. మళ్ళీ నాకాడు. నుదురు తెల్లబడింది. కళ్ళ మీద నాకాడు, చెవుల మధ్య నాకాడు. అరటిపండు ఎప్పుడో అయిపోయింది. నాకడం ఆగలేదు.

"ఇంతేనా?" అన్నారు షావుకారు గారు గుమ్మంలోంచి.

"ఇంతేనండి" అన్నాను. "ఇంతే, కాకపోతే చాలా పని."

అక్కడితో అయిపోలేదు. ఇంకో పది రోజులు రోజూ కాసేపు కలిపి, విడదీసి, మళ్ళీ కలిపాం. ఆయన గడువు మాట ఎత్తలేదు. ఒకే బుట్టలో పెట్టి పంపిన రోజున మేడం గారు వాళ్ళకు చెప్పినవి నాకు ఇప్పటికీ గుర్తే. రేకుల షెడ్డు వద్దు, ఇంట్లోనే ఉంచండి, రోజూ కాసేపు గూటి బయట తిరగనివ్వండి, గడ్డే అన్నం, ఉల్లికాడ మాత్రం పొరపాటున కూడా వెయ్యకండి, అది వీటికి విషం. ఉల్లిపాయల షావుకారు గారు ఆ చివరి మాట విని బుట్టను రెండుసార్లు దులిపారు.

హాస్టలోడు వెళ్ళిపోయాక స్టోరు గది చాలా పెద్దదైపోయింది. ఖాళీ గూడు కడిగి ఎండలో పెట్టాను. అది వేరే సంగతి.

ఇప్పుడు మా వీధి పిల్లలు అడుగుతుంటారు, ఒక్క కుందేలునే కొనుక్కుంటే బతకదా మామ్మా అని. బతుకుతుంది. మాస్టారు గారిలా పెళ్ళిళ్ళు మానుకుని పక్కనే కూర్చునేవాళ్ళుంటే సుఖంగానే బతుకుతుంది. పొద్దున బడికి పోయి, సాయంత్రం ట్యూషనుకు పోయి, మధ్యలో గూట్లో క్యారెట్టు పడేసే ఇంట్లో అయితే తింటుంది, తాగుతుంది, గోడను చూస్తుంది. మీరు ఏ రకమో మీరే చూసుకోండి అంటాను. జత తెస్తే తొందరపడొద్దని కూడా చెబుతాను. వేలు చూపించి చెబుతాను.

కాలవలకు నీళ్ళు వదిలాక ఒక రోజు షావుకారు గారు ఒక్కరే వచ్చారు. ఏదైనా జబ్బేమోనని ముందు ఆయన చేతిలో బుట్ట ఉందా అని చూశాను. ఆయన మేడం గారి గదికి వెళ్ళలేదు. నేను వరండా తుడుస్తుంటే వచ్చి నా దగ్గరే నిలబడ్డారు.

"రెండూ కలిసి మా ఆవిడ పట్టుచీర కొంగు కొరికేశాయండి" అన్నారు. "ఫ్యాను కింద నుంచి లేవమంటే లేవవు. నేనే దాటుకుని వెళ్ళాలి."

"అయ్యో" అన్నాను. ఆయన మొహంలో అయ్యో అనేంత బాధేమీ లేదు.

"గూడు పెద్దది చేయిస్తున్నానండి. ఎంత వెడల్పుండాలో మీరే చెప్పాలి. మా ఆవిడ మిమ్మల్నే అడిగి రమ్మంది."

గజాలూ అడుగులూ నాకు రావు. "రెండూ పక్కపక్కన కాళ్ళు చాపుకు పడుకోవాలండి. పడుకున్నాక ఇంకో రెండింటికి చోటు మిగలాలి" అని, చేతులు రెండూ చాపి చూపించాను.

ఆయన జేబులోంచి గోనెసంచులు కట్టే పురికొస తీశారు. ఒక కొన నా ఈ చేతికిచ్చి, రెండో కొన ఆ చేతిదాకా లాగి, అక్కడ ముడి వేశారు. చూసుకున్నారు. ఏమనుకున్నారో, ఇంకో జానెడు వదిలి అక్కడ రెండో ముడి వేశారు. మొదటిది విప్పేశారు.

నేను రిటైరైన రోజున శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఆ శాలువా ఇప్పుడు ఏ పెట్టెలో ఉందో నాకు తెలియదు. ఆ పురికొస మాత్రం తాడేపల్లిగూడెంలో ఆ గూటి తలుపుకే కట్టి ఉంది. నేను వెళ్ళి చూసి వచ్చాను.